కదలకురా గుంటడా

ఆ సాయంత్రం వీధి వీధంతా
పాణిగ్రాహి మేస్టారి ముందుగదిలో ఉంది.
నేను మాత్రం పెంకుల మీద ఉన్నాను.

మా పర్లాకిమిడి వీధికి అదొక్కటే టీవీ.
చెక్క తలుపుల పెట్టె, తాళంచెవి మేస్టారి భార్య కొంగుకి.
బరంపురం వైపు నుంచి వచ్చే బొమ్మకి
దారిలో మహేంద్రగిరి అడ్డం.
కొండని తప్పించుకుని వచ్చేసరికి
మనుషుల ముఖాల మీద ఆవాలు చల్లినట్టుండేది.

ఆవేళ ఏడింటికి, కటకం స్టూడియోలో
కింతలి దండాసి క్లారినెట్ వాయిస్తాడని
కార్డుముక్క వచ్చింది.
మా పెళ్లిళ్లన్నిటికీ పెట్రోమాక్సుల వెనక నడిచిన దండాసి,
ఊరేగింపు ఆగినచోట గోడకి చేరబడి
బీడీ వెలిగించుకునే దండాసి,
ఎవరూ కుర్చీ వెయ్యని దండాసి.
అతని కోసం వీధి చాపలు పరిచింది.

చిన్న రైల్లో నౌపడా, అక్కణ్నుంచి పెద్ద రైలు.
కోటు బ్యాండుమేళానిదే.
భుజాల మీది జరీ కుచ్చుల్ని
పెళ్లాం నీలవేణి రాత్రంతా కూర్చుని విప్పేసింది.

"ముందుగా రికార్డు చెయ్యరట,
వాయిస్తూండగానే వదిలేస్తారట" అన్నారు మేస్టారు.
బతికున్న చేపని అంతదూరం
నీళ్లు ఒలక్కుండా పంపుతున్నారనుకున్నాను.

ఏడయింది. పెట్టెలో ఒకటే హోరు.
తేలిగ్గా ఉంటాను, పెంకులు పగలవని నన్నెక్కించారు.
తిప్పు. ఇంకాస్త. ఎక్కువైపోనాది, వెనక్కి.
"ఆసిగలా!" సరోజిని మావుసి కేక.
"వచ్చీసింది, వచ్చీసింది!"
చెయ్యి తీశాను. పోయింది.
పెట్టాను. వచ్చింది.
"కదలకురా గుంటడా! అలాగే పట్టుకో!"

అలాగే పట్టుకున్నాను.
మాఘమాసం చలికి జివ్వుమంటున్న అల్యూమినియం గొట్టం,
కాకిరెట్ట ఎండినచోట నా బొటనవేలు.
పెంకుల సందుల్లోంచి నీలం వెలుగు గీతలు.
వాటితోపాటే పైకొచ్చింది పాట.

పెళ్లిలో వాయించినట్టు లేదు.
డోళ్లు లేవు, జనరేటరు లేదు,
"కొట్టండ్రా" అనేవాడు లేడు.
ఒక మనిషి ఊపిరి
ఎక్కడ అయిపోతోందో, ఎక్కడ అందుకుంటోందో
అంతా వినిపిస్తోంది.
మధ్యలో ఒకసారి దగ్గాడు.
కింద ఎవరూ నవ్వలేదు.

దోమలు. మోచెయ్యి తిమ్మిరి.
పదకొండు నిమిషాలని తర్వాత చెప్పారు.
కొండ దాటొచ్చిన ఆ పాట
నా అరచేతిలోంచే ఇంట్లోకి దిగుతోందని నమ్మాను.
సైన్సు చదివాక కూడా
కొంచెం నమ్ముతాను.

నేను దిగేసరికి పెట్టె తలుపులు మూసేశారు.

కళ్లు మూసుకుని వాయించాడన్నారు.
కాదు, మనల్నే చూశాడన్నాడు కొమ్ముబొమ్మల గురునాథం.
వెనక పూలకుండీ ఉందని ఒకరు,
ఉత్త తెర అని ఒకరు.
మావుసి ఎందుకేడుస్తోందో అడిగితే
ఒడియాలో సగం, తెలుగులో సగం చెప్పి
ముక్కు చీదేసింది.
గుమ్మం దగ్గర నీలవేణి మాత్రం,
"ఎడం భుజానికి దారప్పోగొకటి ఉండిపోనాది,
ఊరంతా సూసీసింది" అంది.

మర్నెల పెళ్లిలో ఎవరో కుర్చీ వేశారు.
దండాసి దాని మీద క్లారినెట్ పెట్టె పెట్టి
తను గోడకే చేరబడ్డాడు.

ఇప్పుడు నా ఫోనులో ఏ పాటంటే ఆ పాట.
ఆ పదకొండు నిమిషాలు మాత్రం ఎక్కడా లేవు.
చూసినవాళ్లు ముగ్గురు మిగిలారు.
కలిస్తే పూలకుండీ దగ్గర తగువు మొదలు.
"ఒరే, నువ్వు చెప్పరా" అని నామీదికి తోస్తారు,
నేను చూడలేదన్న సంగతి మరిచిపోయి.

ఉందనే చెప్తాను.
ఎర్రమట్టి కుండీ, అంచు కాస్త విరిగింది అంటాను.